ఇంటి బ్రాడ్‌బ్యాండు: లోపమెక్కడ?

ప్రసార కేంద్రమునకు శ్రోతలు వ్రాయు ఉత్తరములలో ఒక ఫిర్యాదు ఏ కాలమునను తప్పలేదు. "మీ ప్రసారము సరిగా వినబడుట లేదు" అన్నదే అది. మాకు ముందు ఈ కుర్చీలలో కూర్చున్నవారు దానికి బదులు వ్రాయునప్పుడు, ఏరియలు తీగ తెగినదేమో చూడుడు, ఎర్తు తీగ పాతిన చోట నేల ఎండినచో నీరు పోయుడు, ప్రక్క వీధిలో పిండిమర ఆడువేళ గరగర ఎక్కువగునేమో గమనింపుడు అని చెప్పెడివారు. ఫిర్యాదు నేటికిని వచ్చుచున్నది గాని దాని రూపు మారినది. ఫోనులోనో టెలివిజనులోనో అంతర్జాలము ద్వారా వినువారును, చూచువారును ఎక్కువైనారు. ఇందు గరగర లేదు. మాట నడుమ ఆగిపోవును. బొమ్మ కదలక నిలిచిపోవును. తెరపై ఒక చిన్న చక్రము తిరుగుచుండును. "నెట్టు తిరుగుతోంది" అని ఇంటిల్లిపాదియు విసుగుకొనుటకు ఆ చక్రమే మూలము.

ఆ మధ్య కృష్ణా డెల్టాలోని ఒక పట్టణము నుండి విశ్రాంత ప్రధానోపాధ్యాయులొకరు మాకు కార్డు వ్రాసిరి. ఆయన మా పాత శ్రోత. "ఉదయము మీ ప్రసారము నిండు కాలువ వలె వచ్చుచున్నది. సాయంకాలము ఆరు దాటినంతనే తడబడుచున్నది. మీ యంత్రములు కూడ నా వలెనే ప్రొద్దు గ్రుంకగానే అలసిపోవునా?" అని అందులో అడిగిరి. క్రింద చిన్న అక్షరములతో మరికొంత వ్రాసిరి. అమెరికాలో డల్లాసు నగరమున నున్న కుమార్తెతోను, తొమ్మిదేండ్ల మనుమనితోను ఆయన ప్రతి ఆదివారము రాత్రి ఎనిమిది గంటలకు వీడియోలో మాటాడుదురు. ఆ అరగంటలో మనుమనికి ఒక పద్యము నేర్పుట ఆయన పెట్టుకొన్న నియమము. "పాదములో సగము గాలిలో పోయిన తరువాత యతి యెక్కడ, ప్రాస యెక్కడ? పిల్లవాడు నాలుగు వారములుగా విసుగుచున్నాడు. ఐదవ వారము కూర్చుండునో లేదో తెలియదు." ఇందుకై ఆయన 40 మెగాబిట్ల ప్లాను నుండి 100కును, 100 నుండి 200కును మారిరి. నెలసరి రుసుము పెరిగినది. పద్యము మాత్రము ముందుకు సాగలేదు.

మేము వెంటనే బదులు వ్రాసితిమి. ఆ బదులు తప్పని ఇక్కడనే ఒప్పుకొనవలెను. సాయంకాలము అందరును ఇండ్లకు చేరుదురు, అందరును ఒక్కమారు చిత్రములు చూచుట మొదలిడుదురు, కావున కంపెనీ వారి దారిలో రద్దీ ఏర్పడును అని వ్రాసితిమి. ఇట్టి రద్దీ లేకపోలేదు. కాని మేమా మాట వ్రాయుటకు కారణము పరీక్ష కాదు, అలవాటు. ప్రొద్దు గ్రుంకిన తరువాత మీడియం వేవుపై దూరదేశపు కేంద్రములు చొరబడుట ఎరిగినవారము గనుక, సాయంకాలపు లోపమనగానే అదియొక ప్రకృతి ధర్మము వలె మాకు తోచినది. మాష్టారు గారు మరొక కార్డుతో మమ్ము దింపిరి: "రద్దీయే కారణమైనచో, అదే కంపెనీ కనెక్షను గల మా ప్రక్క యింటివారు రాత్రి పదింటి వరకు సినిమా ఎట్లు చూచుచున్నారు?"

ఆ ప్రశ్నకు కార్డుపై బదులు లేదు. గంట ప్రయాణమే గనుక ఒక ఆదివారము మధ్యాహ్నము బయలుదేరి వెళ్ళితిమి.

అచ్చట చేసిన పని చెప్పుటకు ముందు, బొమ్మ ఇంటికి వచ్చు దారి ఎట్టిదో తెలిసికొనవలెను. ఎక్కడనో యొక పెద్ద కంప్యూటరులో నున్న చిత్రము దేశముల మీదుగా, సముద్రపు అడుగున పరచిన కేబుళ్ళ మీదుగా మన కంపెనీ వారి కేంద్రమునకు చేరును. అచ్చటి నుండి గాజు తీగలో, అనగా ఫైబరులో, కాంతి రూపమున మన వీధికి వచ్చును. వీధిలో ఒక చిన్న పెట్టె ఆ కాంతిని ముప్పది రెండు ఇండ్లకో అరువది నాలుగు ఇండ్లకో పంచిపెట్టును. ఆ పెట్టె నుండి సన్నని నల్ల తీగ యొకటి స్తంభము మీదుగా మన గోడ దాటి లోనికి వచ్చును. లోపలనున్న పరికరము కాంతిని విద్యుత్సంకేతముగా మార్చి రూటరునకు ఇచ్చును. పెక్కు ఇండ్లలో ఈ రెండును ఒకే పెట్టెలో నుండును. రూటరు దానిని వైఫై రూపమున గాలిలోనికి వదలును. ఫోను అందుకొనును. ఇన్ని చేతులు మారిన తరువాత ఎక్కడ జారినను మనకు కనబడునది ఒకే గుర్తు: ఆ తిరుగు చక్రము. గుర్తు ఒకటే గనుక రోగమును ఒకటే యని జనులు తలచుచున్నారు. ప్లాను పెంచుట ఇందువలననే. జ్వరము ఏదైనను ఒకే మాత్ర మ్రింగుట వంటిదది.

డెల్టా వారికి ఈ సంగతి చెప్పుట సులభము. బ్యారేజీ వద్ద నీరు నిండుగా నున్నది, చివరి చేనికి మాత్రము అందుట లేదు. కాలువపై తిరుగు లస్కరు బ్యారేజీ నుండి అడుగడుగు వెదకుచు రాడు. తిన్నగా నడుమనున్న లాకు వద్దకు పోయి చూచును. అచ్చట నీరున్నచో లోపము దిగువన, లేనిచో ఎగువన. ఒక్క చూపుతో సగము కాలువను విడిచిపెట్టును. మన యింటిలో ఆ లాకు రూటరే.

రూటరు వెనుక లాన్ తీగకై చిన్న రంధ్రములుండును. అందొక దానికి లాన్ తీగ తగిలించి లాప్‌టాపునకు కలుపవలెను. ఇప్పుడు గాలితో పనిలేదు. తీగపై బాగుగా వచ్చి వైఫైపై రానిచో లోపము ఇంటిలోనిదే. కంపెనీ వారిని పిలువ నక్కరలేదు. తీగపై కూడ రానిచో లోపము ఎగువన నున్నది. ఇంత చిన్న పరీక్ష చేయకయే వేల రూపాయలు పెట్టి క్రొత్త రూటర్లు కొనినవారిని మేమెరుగుదుము.

మాష్టారు గారి యింటిలో రూటరు పడకగదిలో నుండెను. దానికిని, ఆయన కూర్చుండు హాలునకును నడుమ నిలువెత్తు అద్దము గల ఇనుప బీరువా నిలిచి యుండెను. వైఫై రేడియో తరంగమే. లోహము దానిని తిప్పికొట్టును. తడిసిన గోడయు, నీటి తొట్టియు మ్రింగివేయును. అది 2.4 గిగాహెర్ట్జు పైనను, 5 గిగాహెర్ట్జు పైనను నడచును. మొదటిది గోడలను మెరుగుగా దాటును గాని, ఇరుగుపొరుగు వారి రూటర్లును, బ్లూటూతును, మైక్రోవేవు పొయ్యియు అన్నియు అక్కడనే గుంపుగూడును. రెండవదానిలో రద్దీ తక్కువ, వేగమెక్కువ, కాని రెండు గోడలు దాటుసరికి నీరసించును. మేము రూటరును హాలులోని ఎత్తైన గూటికి మార్చితిమి. సన్నని తీగ పొడుగు సరిపోయినది. ఫోనులో బొమ్మ తేటపడినది. మాష్టారు గారు కాఫీ తెప్పించిరి. మేమును విజయము చేకూరినదనుకొని రాత్రి బండికి పోవుదుమని లేచితిమి.

"ఎనిమిది దాకా ఉండండి, మనవణ్ణి చూసి వెళుదురుగాని" అని అమ్మగారు ఆపిరి. ఆమె ఆపుట మంచిదైనది. ఎనిమిదింటికి కుర్రవాడు తెరపైకి వచ్చెను. మాష్టారు గారు రెండవ పాదము అందుకొనుసరికి బొమ్మ రాయి వలె నిలిచిపోయినది. ఆరేడు సెకనులకు తిరిగి కదలినది. పిల్లవాడు అప్పటికే ప్రక్కకు తిరిగి తల్లితో ఏమో చెప్పుచుండెను. మాష్టారు గారు పాదమును మొదటి నుండి ఎత్తుకొనిరి. ఇట్లు ఐదుమార్లు జరిగినది. ఆరవమారు ఆయన ఎత్తుకొనలేదు.

లోపములు రెండని అప్పుడు తెలిసినది. బీరువా యొకటి, రెండవది మరెక్కడనో కలదు. ఒకటి కుదిరినంతనే రెండవది లేదనుకొనుట ఈ పనిలో అందరును చేయు పొరపాటు.

వెంటనే లాన్ తీగ తగిలించి పింగ్ అను పరీక్ష చేసితిమి. పింగ్ అనగా మరేమియు కాదు, కంప్యూటరు "ఉన్నావా?" అని కేక వేయును, అవతలి యంత్రము "ఉన్నాను" అనును. ఎన్ని కేకలకు బదులు వచ్చినది, ఎంతసేపటికి వచ్చినది అని లెక్క చూపును. ముందు రూటరును పిలిచితిమి. సాధారణముగా దాని చిరునామా 192.168.1.1 అని యుండును. సెకనునకు ఒకటి చొప్పున ఐదు నిమిషములలో వేసిన 300 కేకలకు 300 బదుళ్ళును వచ్చినవి. తరువాత బయటి యంత్రమును, 8.8.8.8 అను గూగులు వారి చిరునామాను పిలిచితిమి. 300లో 41 పోయినవి. పోయినవి ఒకటొకటిగా చెదరి పోలేదు. ఆరు, ఏడు, తొమ్మిది వరుసగా పోయి, నడుమ అంతయు చక్కగా నుండెను. ఈ తేడా ముఖ్యమైనది. రద్దీ వలని లోపమైనచో బదుళ్ళు ఆలస్యమగును, అక్కడొకటి ఇక్కడొకటి రాలును. గుత్తులు గుత్తులుగా పోవుట దారియే తెగి మరల కలియుచున్నదనుటకు గుర్తు. అనగా మేము కార్డుపై వ్రాసిన రద్దీ సిద్ధాంతము కూలిపోయినది.

ఇందు మాష్టారు గారికి ఒక సందేహము కలిగినది. "దారి తెగుతూంటే మరి ఇదే వేళకు సినిమా ఎలా ఆడుతుందండీ?" అని ఆయన అడిగిరి. ఇది మంచి సందేహము. సినిమాను పంపువారు దానిని కొన్ని సెకనుల ముక్కలుగా కోసి యుంచుదురు. ప్రతి ముక్కకును తేట బొమ్మ, మసక బొమ్మ అని పలు ప్రతులుండును. మన యంత్రము చూపుచున్న ముక్క కంటె ముందున్న వానిని తెచ్చి గాదెలో నింపుకొనుచుండును. దారి పది సెకనులు తెగినను గాదెలోని గింజ తినుచు కాలము గడుపును. దారి సన్నగిలినచో మసక ప్రతిని తెచ్చుకొనును. గాదె ఖాళీయైన నాడే చక్రము తిరుగును. మా ప్రసారము వంటి ప్రత్యక్ష ప్రసారమునకు ఈ గాదె చిన్నది. ఇక వీడియో సంభాషణకు గాదెయే లేదనవచ్చును. ముందు మాట ఇంకను పుట్టనే లేదు గదా, నిలువ చేయుట ఎట్లు? పైగా డల్లాసు ఇచ్చటికి 14 వేల కిలోమీటర్లకు పైబడిన దూరము. గాజులో కాంతి సెకనునకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోవును గనుక, తిన్నని దారి యున్నను మాట చేరుటకు 70 మిల్లీసెకనులు పట్టును. కేబుళ్ళు తిన్నగా పోవు గనుక ఇంకను ఎక్కువే. పోయిన ముక్కను "మరల పంపుము" అని అడిగి తెప్పించుకొనుటకు వ్యవధి లేదు. కావున ఒకే తీగపై సినిమా ఆడును, సంభాషణ విరుగును. సినిమా ఆడుచున్నది గనుక తీగ మంచిదే యనుట చెల్లదు.

వేగమును గూర్చి కూడ ఇక్కడనే చెప్పుదుము. 1080 గీతల తేట బొమ్మకు సెకనునకు 5 మెగాబిట్లును, 4కె బొమ్మకు 15 మెగాబిట్లును చాలునని నెట్‌ఫ్లిక్సు వారే తమ చందాదారులకు చెప్పుచున్నారు. మన ప్రభుత్వము 2004 సంవత్సరపు విధానములో బ్రాడ్‌బ్యాండనిపించుకొనుటకు 256 కిలోబిట్లు చాలునన్నది. 2023లో దానిని 2 మెగాబిట్లకు పెంచినది. మాష్టారు గారికి 40 మెగాబిట్లతోనే పని జరుగవలసి యున్నది. తెగిన కాలువకు ఎగువన ఎన్ని గేట్లు ఎత్తిన నేమి? మరొక చిక్కు కలదు: కంపెనీ వారు చెప్పునది బిట్లలో, ఫైలు దిగునప్పుడు కంప్యూటరు చూపునది బైట్లలో. బైటు ఎనిమిది బిట్లు గనుక 100 మెగాబిట్ల తీగపై 12 మెగాబైట్లు కనబడినచో అది మోసము కాదు.

కంపెనీ మనిషి అంతకు ముందు మూడుమార్లు వచ్చి పోయెను. మూడుమార్లును పగటివేళ వచ్చి, స్పీడ్ టెస్టు చేసి, 190 చూపి, "లోపము లేదు" అని వ్రాసికొని పోయెను. అతని తప్పేమియు లేదు. పగలు నిజముగానే లోపము లేదు. సాయంకాలపు జ్వరమును ఉదయము వచ్చిన వైద్యుడు ఎట్లు చూడగలడు? రోగి యొద్ద వ్రాసి పెట్టిన కాగితము ఉండవలెను. అందుచేత ఒక వారము పాటు నోటుపుస్తకము వ్రాయుమని మాష్టారు గారిని కోరితిమి. ఎన్ని గంటలకు ఆగినది, ఎంతసేపు, పరికరముపై ఏ దీపము ఏ రంగున నున్నది, వాన, గాలి, కరెంటు, అప్పుడు ఇంటిలో ఏమి జరుగుచున్నది అని శీర్షికలు గీసి యిచ్చితిమి. నలుబది ఏండ్లు హాజరుపట్టీ వ్రాసిన చేయి గదా. ఆయన సంతోషముగా ఒప్పుకొనిరి.

ఆ వారము మాకు వచ్చిన పాత ఉత్తరములను కూడ తీసి చూచితిమి. కొన్నింటికి బదులు ఉత్తరములోనే యుండెను. ఒక్క యాప్ మాత్రమే ఆగి తక్కినవన్నియు నడచుచున్నచో తీగను తప్పు పట్టరాదు. ఆ యాప్ వారి వద్దనో, దానిని క్రొత్త కూర్పునకు మార్చుకొనకపోవుటలోనో లోపము కలదు. ఒక్క టెలివిజను మాత్రమే ఆగినచో ఆ టెలివిజనుదే తప్పు. చౌక సెట్లలో జ్ఞాపకశక్తి తక్కువ గనుక నెలల తరబడి ఆర్పక యుంచినచో మందగించును. దీపములన్నియు ఒక్కమారు ఆరి వెలుగుచున్నచో తీగ కాదు, గోడకు తగిలించు అడాప్టరు. నాలుగైదు వేసవులు చూచిన అడాప్టరు బరువు పడినప్పుడు తగిన వోల్టేజి ఇయ్యజాలక రూటరును మరల మరల మొదలిడించును. మూడు వందల రూపాయల వస్తువునకు మూడు నెలలు బాధపడినవా రొకరుండిరి. ఎంత ప్లాను తీసికొన్నను లాన్ తీగపై సరిగా 95 దగ్గర ఆగిపోవుచున్నదని మరొకరు వ్రాసిరి. లాన్ తీగలో నాలుగు జతల రాగి తీగెలుండును. అందొక జత తెగినచో యంత్రములు తక్కిన వానిలో రెండు జతలతో 100 మెగాబిట్ల యొప్పందమునకు దిగును. తీగ మార్చుటయే మందు.

పాత టెలిఫోను రాగి తీగపైననే బ్రాడ్‌బ్యాండు తెచ్చుకొనువారు తగ్గిపోయినను ఒకరిద్దరి ఉత్తరములు కనబడినవి. రేడియోవారికి ఆ తీగ యనిన కొంత అభిమానము. దానిపై బ్రాడ్‌బ్యాండు సంకేతము 25 కిలోహెర్ట్జు నుండి 1,100 వరకును, తరువాతి రకములో 2,200 వరకును పోవును. మన మీడియం వేవు 531 నుండి 1,602 వరకు. అనగా ఇద్దరమును ఒకే వీధిలో కాపురమున్నట్లు. అతుకు వదులైన తీగ తానే ఏరియలై పోయి చుట్టుప్రక్కల గరగరనంతయు పోగుచేసికొనును. ఆ తీగను పరీక్షించుటకు చెవియే చాలును. ఫోనెత్తి ఒక అంకె నొక్కి, డయలు ధ్వని ఆగిన తరువాత వినవలెను. నిశ్శబ్దముగా నున్నచో మంచిది. బరబరలాడినచో ఎక్కడనో అతుకునకు తేమ తగిలినది. తొలకరి వానతో మొదలై ఎండ రాగానే మానిపోవు రోగమిదే.

ఎప్పుడో గాని రాని లోపము మరొకటి కలదు. 2008 జనవరి 30న ఈజిప్టులోని అలెగ్జాండ్రియా సమీపమున సముద్రపు కేబుళ్ళు తెగి మన దేశమునకు వచ్చు దారులు ఇరుకైనవి. అట్టినాడు రూటరును ఎన్నిమార్లు ఆర్పి వెలిగించినను ప్రయోజనముండదు; వార్తలు వినుటయే పని.

మరుసటి ఆదివారము మాష్టారు గారి నోటుపుస్తకము చూచితిమి. గీతలు తిన్నగా గీచి, ఎర్ర సిరాతో గంటలు వేసి యుంచిరి. సోమ, మంగళ, గురు, శుక్ర, శనివారములలో సాయంకాలము ఆరుంబావు మొదలు రాత్రంతయు లోపము. ఉదయము ఆరు తరువాత ఒక్కటియు లేదు. బుధవారము మాత్రము వింతగా నుండెను: "సాయంత్రము 6-10 నుండి 9-20 వరకు కరెంటు లేదు. రూటరు చిన్న బ్యాటరీపై నడచినది. ఆ మూడు గంటలును ప్రసారము ఒక్కమారైనను ఆగలేదు."

ఇది చదివి మేము మరల పొరబడితిమి. కరెంటు లేనప్పుడు బాగుగా నున్నదనిన, కరెంటుతో నడచు వస్తువేదో కల్లోలము చేయుచున్నదని తోచినది. ట్యూబులైటు, ఇన్వర్టరు, దోమల బ్యాటు ఛార్జరు అన్నింటిని ఒక్కొక్కటిగా ఆర్పించితిమి. కాంతితో నడచు గాజు తీగకు విద్యుత్కల్లోలము అంటదని ఎరిగియు ఆర్పించితిమి. రేడియోవాని బుద్ధి పిండిమరను దాటి పోదు. ఏమియు మారలేదు. అప్పుడు వంటింటి గడప యొద్ద నిలిచి చూచుచున్న అమ్మగారు, "కరెంటు పోతే ఉక్కకి కిటికీలు తీస్తాం కదండీ. మామూలు రోజుల్లో ఆరు కాగానే దోమలకి మూసేస్తాం" అనిరి.

అందరమును కిటికీ వైపు తిరిగితిమి. గోడకు రంధ్రము వేయుటకు సోమరితనమున నొచ్చి, తీగ బిగించినవారు దానిని పడకగది కిటికీ చట్రము మూలగా లోనికి తెచ్చిరి. రెక్క తెరచి యున్నంతసేపు తీగ సుఖముగా పడియుండును. రెక్క మూసినప్పుడు చట్రమునకును రెక్కకును నడుమ నలిగి, గోరంత మలుపు తిరిగి నిలుచును.

రాగి తీగ అయినచో ఇందు దోషము లేదు. రాగి ఎట్లు వంగినను విద్యుత్తు పోవును. గాజు తీగ అట్టిది కాదు. దాని నడుమ కాంతి పోవు భాగము అడ్డముకొలత 9 మైక్రానులు, అనగా మిల్లీమీటరులో నూరవ వంతు కంటె తక్కువ. కాంతి ఆ సన్నని గొట్టములో అంచులకు తగిలి లోనికి మరలుచు ముందుకు సాగును. తీగ ఉంగరము కంటె చిన్న మలుపు తిరిగినప్పుడు కాంతి అంచున మరలలేక బయటికి కారిపోవును. తీగ విరుగదు, పైకి ఏ గాయమును కనబడదు; లోపల వెలుతురు తగ్గును. వంపును కొంత ఓర్చుకొను క్రొత్త రకపు తీగలు వచ్చినవి గాని, వానికిని హద్దు కలదు.

ఎంత తగ్గినదో కొలుచుటకు వేరొక యంత్రము కొననక్కరలేదు. పెక్కు పరికరములు తమకు అందుచున్న వెలుతురును తామే కొలిచి, 192.168.1.1 అను పుటలో ఆప్టికల్ పవర్ అను పేర చూపును. అది డీబీఎం అను కొలతలో మైనస్ గుర్తుతో నుండును గనుక, అంకె పెద్దదైన కొలది వెలుతురు తక్కువని గ్రహింపవలెను. మైనస్ 20 అనగా ఒక మిల్లీవాటులో నూరవ వంతు. మూడు అంకెలు దిగినచో వెలుతురు సగమగును. పది దిగినచో పదవ వంతగును. సాధారణపు పరికరములకు మైనస్ 27 వరకు ఓర్పుండును. అది దాటినచో అక్షరములు తప్పుగా చదువును, దారి తెగును, ఎల్.ఓ.ఎస్. అను దీపము ఎర్రగా మిణుకుమిణుకుమనును. రెక్క తెరచి చూచితిమి: మైనస్ 21. రెక్క మూసి చూచితిమి: మైనస్ 29. ఆరింట ఐదు వంతుల వెలుతురును ఆ కిటికీ కాజేయుచున్నది. నాలుగుమార్లు మూసి తెరచితిమి. నాలుగుమార్లును అదే లెక్క. ప్రక్క యింటివారి తీగ వేరు గనుక వారికి బాధ లేదు.

ఆ రాత్రికి రెక్కను ఓరగా నుంచి, సందులో పాత ధోవతి గుడ్డ కుక్కి దోమలను ఆపితిమి. ఎవరైనను ఇట్టి తీగను సవరింపబూనినచో ఒక హెచ్చరిక: పచ్చని మూతి గల ఆ కొసను ఊడదీసి కంటి యెదుట పెట్టి చూడరాదు. అందులోని కాంతి కంటికి కనబడదు గాని కంటికి మంచిది కాదు. మూతిపై వ్రేలు తగిలి జిడ్డంటినను వెలుతురు తగ్గును. తీగను కదలించుట, వంపు విప్పుట వరకే మన పని. మార్చుట లైనుమన్ పని.

మరునాడు మాష్టారు గారు ఫిర్యాదు చేయునప్పుడు "నెట్టు రావడం లేదు" అని చెప్పలేదు. "కిటికీ మూసినప్పుడు మైనస్ 29, తీసినప్పుడు మైనస్ 21" అని చెప్పిరట. నాలుగవమారు వచ్చిన మనిషి స్పీడ్ టెస్టు చేయలేదు. తిన్నగా కిటికీ వద్దకు పోయి తీగను చూచి, గోడకు రంధ్రము వేసి, ప్లాస్టికు గొట్టములో నుండి క్రొత్త తీగ తెచ్చెను. ఇప్పుడు రాత్రింబవళ్ళు మైనస్ 20 చూపుచున్నది. ప్లానును తిరిగి 40 మెగాబిట్లకు దింపుకొనిరి.

మొన్నటి కార్డులో ఆయన మా సాయంకాలపు ప్రసంగములు మరీ పొడుగుగా నున్నవని ఫిర్యాదు చేసిరి. మనుమడు నాలుగు పాదములును అప్పగించెనట. మూడవ పాదమున యతి తప్పుచున్నాడని, ఆ తప్పు తీగది కాదని వ్రాసిరి.